కుక్క మీది, పెంట మాదా?

మా వైపు పెంటకు విలువ ఉంది. కోడుమూరు చుట్టుపక్కల పల్లెల్లో గొర్రెల మందను ఒక రాత్రి తన చేలో ఆపించుకోవడానికి రైతు కాపరికి డబ్బులో గింజలో ముట్టజెబుతాడు. తెల్లారి చేను చుట్టూ తిరిగి చూస్తాడు. ఒక మూలకు ఎరువు తక్కువ పడిందనిపిస్తే, ఈ రాత్రికి మందను కొంచెం ఇటు జరపమంటాడు. ఆవు పేడ వాకిట్లో కల్లాపి అవుతుంది, గోడ మీద పిడక అవుతుంది. బర్రె పేడ దిబ్బకు చేరి, ఎండాకాలం చివర ట్రాక్టరెక్కి చేనికి పోతుంది. ఇట్లాంటి చోట పెరిగినవాళ్లకు పెంటంటే అసహ్యం తక్కువ, లెక్క ఎక్కువ.

ఆ లెక్కలో చోటు లేనిది కుక్కపెంట ఒక్కటే. తొక్కితే తిట్టుకుంటాం, తొక్కకపోతే మరిచిపోతాం. పెంచుకున్న కుక్కదైనా అంతే.

ఈ పుస్తకంలో ఇంతవరకూ కోపం గురించి, అప్పు గురించి, పొద్దున్నే లేవడం గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు చెప్పబోయేది చాలా చిన్న విషయం. కానీ నా గురించి నాకు తెలియని సంగతిని ఈ చిన్న విషయమే బయటపెట్టింది.

మా ఇంటికి టైగర్ అనే కుక్క వచ్చిన కొత్తలో దాని తిండి, స్నానం, టీకా అన్నీ నేనే చూసుకునేవాణ్ణి. దాని పెంట మాత్రం మా ఇంట్లో గిన్నెలు తోమే అక్క ఎత్తేది. ఎత్తమని నేనెప్పుడూ చెప్పలేదు. ఎత్తొద్దని కూడా చెప్పలేదు. ఒకరోజు ఆమె చీపురు పక్కన పెట్టి, నవ్వుతూనే అడిగింది: "కుక్కేమో మీది, పెంటేమో మాదా సార్?"

నా దగ్గర జవాబు లేదు. మన దేశంలో మలం ఎత్తే పనిని కొన్ని కులాల నెత్తిన పెట్టి, మిగిలినవాళ్లం ముక్కు మూసుకుని పక్కనుంచి నడిచాం. మనుషుల మలాన్ని మనుషులచేత ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో ఇంకొకటి చేయాల్సి వచ్చింది. కుక్కపెంట ఆ చట్టాల కిందికి రాదు. కానీ 'ఆ పని నాది కాదు' అనే అలవాటు అక్కడినుంచే మన ఒంట్లోకి వచ్చింది. కుక్కను పెంచుకునేవాడు మొదట వదిలించుకోవాల్సింది దాన్నే. మిగతాదంతా పారతో అయ్యే పని.

ఇక పార సంగతికి వద్దాం.

మొదట ఒక భ్రమ పోవాలి. కుక్కపెంట ఆవు పేడ లాంటిది కాదు. ఆవు తినేది గడ్డి, చొప్ప. కుక్క మాంసం తింటుంది, వీధిలో దొరికిన ప్రతిదీ తింటుంది, దాని పేగుల్లోని పురుగుల్లో కొన్ని మనిషికి పట్టుకునేవి. అందుకే దాన్ని పేడదిబ్బలో కలపకూడదు. దిబ్బ ఎరువు ఉల్లిచేనికి పోతుంది, కొత్తిమీర మడికి పోతుంది. ఆ ఉల్లిగడ్డను మనం పచ్చిగానే కొరుక్కుంటాం. బాగా కుళ్లితే ఏమీ కాదులే అంటారు కొందరు. పురుగు గుడ్లు చావాలంటే కుప్ప లోపల కనీసం 55 డిగ్రీల వేడి కొన్ని రోజులపాటు ఆగకుండా నిలవాలి, కుప్పను తిరగేస్తూ అంచుల్లో ఉన్నదాన్ని కూడా లోపలి వేడికి అందించాలి. మన ఇంటి వెనక దిబ్బలో అంత జరగదు.

ఈ పురుగుల్లో ముఖ్యమైనవి మూడు. మూడింటి గుణాలూ వేరు. వాటిని తెలుసుకుంటే ఏ పని ఎందుకు చేయాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఒకటి టాక్సోకారా అనే గుండ్రటి పురుగు. కుక్కపిల్లల్లో ఎక్కువ, తల్లి కడుపులో ఉండగానే పిల్లకు చేరుతుంది. దీని గుడ్డు బయటపడిన రోజున మనిషిని ఏమీ చేయదు. లోపల పిల్లపురుగు తయారు కావడానికి వాతావరణాన్ని బట్టి రెండు మూడు వారాలు పడుతుంది. తయారయ్యాక మాత్రం మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. పెంట ఎండి పొడైపోయి, చూడ్డానికి నేల శుభ్రంగా ఉన్నప్పుడే అసలు ప్రమాదం మొదలవుతుంది. మన్ను తిన్న కృష్ణుడి నోట్లో యశోదమ్మకు లోకాలు కనిపించాయంటారు. మన పెరట్లో మన్ను తిన్న పిల్లవాడి నోట్లోకి పోయేవి ఈ గుడ్లు. లోపల పొదిగిన పురుగు కాలేయంలోకీ ఊపిరితిత్తుల్లోకీ పాకుతుంది. అరుదుగా కంటికి చేరి చూపును దెబ్బతీస్తుంది. ఇంటి ముందు పోసిన ఇసుక కుప్ప పిల్లలకు ఎంత ఇష్టమో కుక్కలకూ అంతే ఇష్టం. ఇల్లు కట్టేవాళ్లు రాత్రిపూట దాని మీద పట్ట కప్పడం మరిచిపోవద్దు.

రెండోది కొంకిపురుగు. దీనికి తేమ, నీడ కావాలి. వెచ్చటి తడినేలలో గుడ్డు ఒకటి రెండు రోజుల్లో పొదుగుతుంది, వారం పది రోజుల్లో ఒట్టి కాళ్ల చర్మంలో దూరేంత తయారవుతుంది. పాదం మీద ఎర్రటి గీత రోజుకింత పాకినట్టు కనిపించి, విపరీతమైన దురద పెడుతుంది. గోకకుండా డాక్టరుకు చూపించండి. మన మే నెల ఎండకు ఈ పురుగు బతకదు. కానీ గిన్నెలు కడిగిన నీళ్లు పారే చోట, తొట్టి పక్కన, అరటిచెట్టు మొదట్లో ఏడాదంతా వానాకాలమే. కుక్కకు చల్లగా ఉండేదీ అక్కడే.

ఈ రెండు పురుగుల దగ్గర మనకు అదృష్టం కొంత ఉంది. పడిన రోజే ఎత్తేస్తే రెండూ ఆగిపోతాయి. గుడ్డు తయారయ్యేలోపే అది నేలమీద లేకుండా పోతుంది. రోజూ ఎత్తమనడానికి కారణం ఇదీ, వాసన కాదు.

మూడోదానికి ఈ సూత్రం పనిచేయదు. అది మన కర్నూలు జిల్లాతో బాగా పాత పరిచయం ఉన్న పురుగు, అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను.

1968లో 'ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్'లో సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి, మరో ముగ్గురు కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. కర్నూలులో ఈ పురుగు తెచ్చే హైడాటిడ్ జబ్బు వ్యాప్తి అన్నది దాని విషయం. దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనబడే ప్రాంతాల గురించి రాసినప్పుడల్లా ఆంధ్రప్రదేశ్ పేరు వస్తూనే ఉంటుంది. కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో నీళ్లు నిండిన తిత్తి మెల్లగా, ఏళ్ల తరబడి పెరుగుతుంది. చాలామందికి అది పెద్దదై నొప్పి పెట్టేదాకా తెలియనే తెలియదు. అప్పుడు ఆపరేషను, లేదా నెలల తరబడి మందులు.

ఈ బద్దెపురుగు పేరు ఎకైనోకాకస్. బియ్యపుగింజంత పొడుగు, కుక్క పేగులో వేల సంఖ్యలో ఉన్నా కుక్క హాయిగా తిరుగుతుంది. దాని పెంటలో గుడ్లు పడతాయి. ఆ గుడ్లు పడిన గడ్డి మేసిన గొర్రెకు కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు వస్తాయి. దేవర నాడో, జాతరకో, ఆదివారమో గొర్రెను కోసినప్పుడు నీటిబుడగలున్న ముక్కను 'ఇది మనకు పనికిరాదు' అని పక్కన కూర్చున్న కుక్కకు విసురుతాం. ఆ బుడగలోనే కుక్కకు కావలసిన పురుగు ఉంది. అక్కడితో చక్రం పూర్తయింది. ఆ చక్రంలో కాలు పెట్టి ఇరుక్కునేది మనిషి. కుక్కను నిమిరిన చేత్తో ముద్ద కలిపినప్పుడు, కడగని ఆకుకూర తిన్నప్పుడు.

దీని గుడ్డుకు వారాలు అక్కర్లేదు. పడిన క్షణంలోనే అది సిద్ధం. కాబట్టి పార పట్టుకోవడంతో సరిపోదు, కుక్క నోటి దగ్గరే ఆపాలి. పచ్చి కాలేయం, ఊపిరితిత్తులు కుక్కకు వేయకండి. వేసి తీరాలనుకుంటే అరగంటకు పైగా బాగా ఉడికించి వేయండి. కోసిన చోట మిగిలినదాన్ని లోతుగా పూడ్చండి. పశువైద్యుడి చేత కుక్కకు నట్టల మందు వేయించండి, బద్దెపురుగులకు పనిచేసే ప్రాజిక్వాంటెల్ అందులో ఉందో లేదో అడగండి. మామూలు ఇంటి కుక్కకు మూడు నెలలకోసారి చాలంటారు. గొర్రెల వెంట తిరిగే కుక్కకు, పచ్చిమాంసం దొరికే కుక్కకు ఆరు వారాలకోసారి కావాలి, ఎందుకంటే పేగులో పురుగు పెరిగి గుడ్లు పెట్టడానికి దాదాపు అంత కాలమే పడుతుంది. మందు వేసిన తర్వాత రెండు మూడు రోజులు కుక్కను కట్టేసి ఉంచి, ఆ పెంటనంతా ఏరి పూడ్చాలి. మందు పురుగును చంపుతుంది గానీ గుడ్లను చంపదు. ఆ రెండు మూడు రోజుల పెంట మామూలు రోజుల పెంటకంటే ప్రమాదం.

ఇదంతా సాధ్యమేనా అని అనుమానం వస్తే ఐస్‌లాండ్ సంగతి వినండి. అదీ గొర్రెల దేశమే. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడ ఈ తిత్తులు ఊరూరా ఉండేవి. 1863లో హరాల్డ్ క్రాబ్ అనే డేనిష్ పరిశోధకుడు అక్కడికి వెళ్లి కుక్కలను, గొర్రెలను పరిశీలించాడు. మరుసటి ఏడాది అతను రాసిన చిన్న పుస్తకాన్ని ఐస్‌లాండ్ భాషలో అచ్చువేసి ఇంటింటికీ ఉచితంగా పంచారు. కుక్కకు పచ్చి తిత్తులు వేయొద్దు, పూడ్చండి లేదా కాల్చండి, చేతులు కడుక్కోండి. అంతే దాని సారాంశం. 1869లో కుక్కల మీద చట్టమూ వచ్చింది. కొన్ని దశాబ్దాల్లో కొత్తతరానికి ఆ జబ్బు రావడం దాదాపు ఆగిపోయింది. చలిరాత్రుల్లో చదువుకోవడం తప్ప వేరే కాలక్షేపం లేని దేశం కాబట్టి ఆ పుస్తకాన్ని నిజంగానే చదివారట! నా పుస్తకానికి ఆ భాగ్యం ఉంటుందో లేదో.

స్కూల్లో పిల్లలకు ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. అది మనుషుల పురుగులకు. అది మింగించాం కదా, కుక్క సంగతి అక్కర్లేదనుకోవద్దు. ఇంకో మాట: రేబిస్ పెంట ద్వారా రాదు, కరిచినప్పుడు చొంగ ద్వారా వస్తుంది. పెంట ఎత్తడానికి ఆ భయం పెట్టుకోకండి.

ఇప్పుడు ఎత్తిన పెంటను వేసే గుంత సంగతి. ఊరకుక్క సైజులో ఉన్న కుక్క రోజుకు 200 గ్రాములు వేసినా నెలకు 6 కిలోలు, ఏడాదికి 73 కిలోలు. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు తవ్వితే ఒక కుక్కకు ఏడాదిన్నర వస్తుంది. బోరుకో బావికో కనీసం 50 అడుగుల దూరం ఉండాలి, బావికైతే వంద అడుగులు మేలు. పైనుంచి వాననీళ్లు పారి గుంతలోకి దిగకుండా చుట్టూ జానెడు ఎత్తు కట్ట వేయండి. ఎర్రనేల, గరుసునేల అయితే నీళ్లు దిగిపోతాయి, పని సులువు. నల్లరేగడిలో కొంచెం తలనొప్పి. ఎండాకాలం నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బి నీళ్లను అట్లాగే పట్టుకుంటుంది. రేగడి పెరడైతే ఉన్నంతలో ఎత్తు చోటు చూసుకుని, అడుగున అర అడుగు కంకర, దాని మీద ఇసుక వేయండి. వానాకాలంలో గుంతలో నీళ్లు నిలిస్తే ఆ చోటు పనికిరాదు. వేరే మూల చూసుకోండి.

గుంత మీద బేతంచెర్ల బండ గానీ కడప బండ గానీ మూత వేస్తే ఈగలు దూరవు, కోళ్లు కెలకవు, పందులు తవ్వవు. మా ఇంట్లో పాత పొయ్యిగట్టు బండ ఒకటి పడి ఉండేది, అదే సరిపోయింది. పెంట వేసిన ప్రతిసారీ దానికి రెట్టింపు మట్టి గానీ బూడిద గానీ చల్లాలి. సున్నం గురించి అడుగుతారు. గుల్లసున్నం తడికి భగ్గున వేడెక్కుతుంది, కంట్లో పడితే చూపు పోతుంది. అంత అవసరం లేదు, పిడికెడు బూడిద వాసనను అణిచేస్తుంది. అడుగు వెలితి ఉండగానే ఆపి, మట్టితో నింపి దిమ్మ కొట్టి, కానుగో వేపో నాటండి. వంకాయ, టమాటా, ఆకుకూర ఆ చోట వద్దు. ఆ మట్టిని తర్వాత తవ్వి ఎరువుగా తోలడమూ వద్దు, గుడ్లు ఏళ్లు బతుకుతాయని ముందే చెప్పాను.

స్థలం లేనివాళ్లు సొంత మరుగుదొడ్డిలో వేసి నీళ్లు పోయొచ్చు. మట్టి, రాళ్లు, కవరు కలవకూడదు. కానీ ఆ మరుగుదొడ్డి గుంత తీసి చేనికి తోలే అలవాటున్న ఇంట్లో వద్దు. పంచాయతీ చెత్తబండికి ఇవ్వాలంటే కాగితంలో చుట్టి, ఆపైన కవరులో కట్టి, విడిగా ఇచ్చి, అందులో ఏముందో చెప్పండి. తడిచెత్త బుట్టలో మాత్రం దాచకండి. ఆ బుట్ట చెత్త నుంచి సంపద తయారుచేసే కేంద్రానికి పోతుంది, అక్కడ దాన్ని చేత్తోనే ఏరుతారు, తయారైన ఎరువు మళ్లీ చేలకే పోతుంది. గోడ అవతలికి విసిరేవాళ్లు, మురుగు కాలువలో వేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. 2009 అక్టోబరు 2న హంద్రీ, తుంగభద్ర కలిసి కర్నూలును ముంచినప్పుడు, వాగుల్లో వంకల్లో ఏళ్లుగా పారేసినదంతా ఇళ్లలోకి తిరిగొచ్చింది. నీళ్లకు గోడ అవతల, ఇవతల తెలియదు.

ఒక చిత్రమైన సంగతి. కుక్కపెంటకు కూడా ఒకప్పుడు ధర ఉండేది. 1851లో హెన్రీ మేహ్యూ లండన్ పేదల గురించి రాస్తూ, వీధుల్లో కుక్కపెంట ఏరి తోళ్లు ఊనేవాళ్లకు బకెట్ 8 నుంచి 10 పెన్నీలకు అమ్మి బతికేవాళ్ల గురించి రాశాడు. తోలును మెత్తబరిచే గుణం అందులో ఉంది. 1907లో జర్మనీలో ఒట్టో రోమ్ ఆ పనిచేసే ఎంజైములను జంతువుల క్లోమగ్రంథి నుంచి తీసి అమ్మడం మొదలుపెట్టాక ఆ బకెట్లకు గిరాకీ పోయింది. అంటే ఇప్పుడు దీన్ని డబ్బిచ్చి కొనేవాడు లేడు. మీరే ఎత్తుకోవాలి.

ఎత్తే పద్ధతి ఒక్క నిమిషంలో చెబుతాను. పొడవాటి పిడి ఉన్న చిన్న పార ఒకటి, అంచు పదునుగా ఉన్న పాత రేకు డబ్బా ఒకటి. ఈ పనికి తప్ప ఇంక దేనికీ వాడొద్దు, పెరట్లోనే వేరే మేకుకు తగిలించండి. పలుచగా ఉంటే మీద పొడిమట్టి చల్లి అయిదు నిమిషాలు ఆగండి, అట్టులా లేచి వస్తుంది. బండల మీదైతే ఎత్తాక సలసల కాగిన నీళ్లు పోయండి. బ్లీచింగు పౌడరు గుండ్రటి పురుగు గుడ్డు పెంకును ఏమీ చేయలేదు, మట్టి మీద చల్లితే అది ఇంకా దండగ. తర్వాత సబ్బుతో చేతులు, గోళ్ల కింద కూడా.

కుక్కకు ఒకే చోటు అలవాటు చేయడం దీంట్లో సగం పని. రోజూ రెండు పూటలా ఒకే వేళకు తిండి పెడితే, తిన్న పావుగంట అరగంటలో దానికి వస్తుంది. ఆ వేళకు గొలుసు పట్టుకుని గుంత పక్క మూలకు తీసుకెళ్లి నిలబడండి. మొదటి వారం ఆ మూలలో కొంచెం పెంటను తర్వాతి పూట దాకా మాత్రం ఉంచి ఎత్తేయండి, వాసన పట్టి అక్కడికే వస్తుంది. అక్కడ చేసినప్పుడు ఒక బిస్కెట్ ముక్క. వేరే చోట చేసినందుకు మూతిని పెంటలో రుద్దడం, కొట్టడం మా తరంలో పెద్దలు చేసేవాళ్లు. దానివల్ల కుక్క నేర్చుకునేది ఒక్కటే, మనకు కనబడకుండా మంచం కింద చేయడం.

టైగర్‌కు పది రోజులు పట్టింది. నాకు అంతకంటే ఎక్కువే పట్టింది. మొదట్లో గేటు దగ్గర ఎవరైనా కనబడితే పారను వెనక్కి దాచేవాణ్ణి, ఊళ్లో పదిమందికి పాఠాలు చెప్పిన మనిషిని కదా. ఒక పొద్దున పక్కింటి పెద్దాయన గోడమీంచి చూసి, "ఏందిబ్బా, పొద్దున్నే పార పట్టినావు, చెట్లు నాటుతున్నావా?" అన్నాడు. "లేదు పెద్దాయనా, కుక్కది ఎత్తుతున్నా" అన్నాను. ఆయన కాసేపు ఆగి, "మా మనవడు ఆడుకునేది కూడా ఆ పక్కనే గదా, మంచి పనే" అని లోపలికి పోయాడు. ఆ తర్వాత నేను పారను దాచలేదు. గిన్నెలు తోమే అక్క మళ్లీ ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మా మొదటి గుంత నిండింది. దాని మీద కానుగ మొక్క మోకాలెత్తు పెరిగింది. మీది ఇంకా తవ్వకపోయుంటే మే నెలలో గడ్డపార పట్టి నడుము విరగ్గొట్టుకోకండి, అప్పుడు రేగడి రాయిలా ఉంటుంది. జూన్‌లో మొదటి వాన పడ్డాక రెండు రోజులాగి తవ్వండి. ఆ లోపు తిండివేళ సరిచేసి, పార కొని తెచ్చి పెట్టుకోండి.